రాహేలమ్మ ఎడమ మడమ

రాహేలమ్మ బతికే ఉందని ఈదులమెట్టలో అందరికీ తెలుసు, ఒక్క వేలిముద్రల మిషనుకు తప్ప.

ఆ మిషను ఊరి సచివాలయంలో సంక్షేమ కార్యదర్శి హైమావతి బల్ల మీద ఉంటుంది. చూడటానికి సబ్బుపెట్టెంత ఉంటుంది గానీ దాని మాటకు తిరుగులేదు. అది ఔనంటే పింఛను, కాదంటే లేదు. రాహేలమ్మ వేలు పెట్టినప్పుడల్లా ఎర్రదీపం వెలిగించి, "మళ్ళీ ప్రయత్నించండి" అని మర్యాదగా అనేది. మిరపతోటల్లో కలుపు తీసీ, కాయలు కోసీ, కల్లాల్లో తొడిమలు గిల్లీ ఆమె వేళ్ల మీద గీతలు ఎప్పుడో అరిగిపోయాయి. హైమావతి మంచి మనిషి కాబట్టి ఊరుకోలేదు. సబ్బుతో కడిగించింది, నిమ్మచెక్కతో రుద్దించింది, కొబ్బరినూనె రాసి తుడిచింది, బొటనవేలు నుంచి చిటికెనవేలి దాకా అన్నీ పెట్టించి చూసింది. పోనీ కన్ను చూపిద్దామంటే, శుక్లాలు తీయించుకున్నాక ఈ కన్ను పాత కన్నుతో కలవడం లేదని ఇంకో మిషను పేచీ పెట్టింది.

"అయితే నేనెవర్నే అమ్మాయ్?" అని అడిగింది రాహేలమ్మ.

"నువ్వు నువ్వే పెద్దమ్మా. నాకు తెలుసు. కానీ నాకు తెలిస్తే లాభం లేదు" అంది హైమావతి.

రాహేలమ్మకు మోకాళ్లు పోయాయి. కూర్చుంటే లేవలేదు, లేస్తే కూర్చోలేదు. అయినా పింఛను రానిదే పనికి పోక తప్పదు. కూతురు సలోమి మిర్చి యార్డులో తెచ్చే కూలి ఇద్దరికీ చాలదు. ఆ పింఛనేదో వస్తే ఇక తోటలోకి దిగకుండా, ఇంటి అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చోవాలని రాహేలమ్మ కోరిక. అంతకు మించి ఆమె ఎవర్నీ ఏదీ అడగలేదు. ఆ కాస్తా కూడా ఎర్రదీపం దగ్గర ఆగిపోయింది.

ఈ చిక్కు ఒక్క రాహేలమ్మది కాదు. పని చేసినవాళ్ల వేళ్లన్నీ జిల్లా అంతటా ఇలాగే అరిగి ఉన్నాయి. గీతలు చెక్కుచెదరకుండా ఉన్నవి ఏనాడూ పని చేయనివాళ్లకే. సంగతి చివరకు జిల్లా కేంద్రంలోని లబ్ధిదారుల గుర్తింపు విభాగానికి అధిపతి అయిన విరూపాక్షరావు గారి దాకా వెళ్లింది.

పెద్దవాళ్లకు పెద్ద ఆలోచనలు ఎక్కడ వస్తాయో చెప్పలేం. విరూపాక్షరావు గారికి గుడి క్యూలో వచ్చింది. ఆ రోజు క్యూ కదలలేదు. ముందున్న ముసలాయన మడమలు తప్ప చూడటానికి ఆయనకు మరేమీ లేదు. ఆ మడమల నిండా పగుళ్లు. చూడగా చూడగా పక్క వరసలో ఇంకొకాయన మడమలు కనిపించాయి. అవీ పగిలినవే గానీ పగిలిన తీరు వేరు. ఒకరి పగులు ఇంకొకరి పగులులా లేదు. దర్శనం కాకముందే ఆయనకు జ్ఞానోదయం అయింది. క్యూలోంచి బయటికి వచ్చి, చెప్పుల స్టాండు దగ్గర నిలబడి ఆఫీసుకు ఫోను చేశారు.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. వేలిముద్రలు సరిపోలని వృద్ధ శ్రామికులను ఇకపై వారి మడమ పగుళ్ల ద్వారా గుర్తించవలెను. పథకానికి ఒక నినాదం కూడా పెట్టారు: మీ మడమే మీ చిరునామా. ఊరూరా గోడల మీద పెద్ద మడమ బొమ్మలు గీయించారు. ఈదులమెట్టలో బొమ్మ గీసినవాడు కాలివేళ్లు కూడా వేస్తే, మడమ దాటి పోయాడని హైమావతి చేత సున్నం కొట్టించారు.

అంతా బాగానే ఉండేది, ఆడిట్ విభాగం నుంచి ఒక చిన్న ప్రశ్న రాకపోతే. పగులు అనగానేమి?

ఉత్తర్వులో వాడిన మాటకు నిర్వచనం ఉండాలి. నిర్వచనం లేకపోతే పైసా కదలదు. విరూపాక్షరావు గారు కమిటీ వేశారు. అందులో ఇంజనీర్లున్నారు, వ్యవసాయాధికారులున్నారు, చర్మవైద్యులున్నారు, మాటల సంగతి చూడటానికి విశ్రాంత ఆచార్యులు భీమశంకరం గారున్నారు. మడమ పగిలినవాళ్లు మాత్రం లేరు. వాళ్లకు ఈ విషయంలో స్వప్రయోజనం ఉంటుందని పిలవలేదు.

మొదట కట్టడాల శాఖ ఇంజనీరు లేచాడు.

"పగులు అని రాస్తే రేపు మా మీద పడుతుందండీ. పగిలినదేదైనా మరమ్మతు చేయాల్సింది మేమే కదా. గోడకు పడేదాన్ని మేం బీట అంటాం. మడమలకు మా దగ్గర సిమెంటు లేదని ముందే మనవి చేస్తున్నాను."

"నెర్రె అని మాత్రం రాయకండి" అన్నాడు వ్యవసాయాధికారి. "ఎండకు పొలం విచ్చుకుంటే నెర్రె. ఆ మాట వాడితే కరువు సాయం అడుగుతారు. మడమకు మట్టి అంటుకుని ఉంటుంది గనక కాదనడం కష్టం."

అప్పుడు భీమశంకరం గారు గొంతు సవరించుకున్నారు. ఆయన జీవితమంతా ఇలాంటి పిలుపు కోసమే ఎదురు చూశారు.

"మీరంతా పగులును ఒక మాట అనుకుంటున్నారు. అదొక వంశం. కొబ్బరికాయ పగిలితే శుభం, అద్దం పగిలితే అశుభం. కుండలో పగులు ఉన్నదంటే ఆ కుండ ఇంకా పగల్లేదని అర్థం. చలికి పెదవి పగులుతుంది. తల పగిలిపోతోందని రోజూ ఎవరో ఒకరు అంటారు, పగిలిన తల ఒక్కటీ చూపించరు. గుండె పగులుతుంది, దానికి శబ్దం లేదు. పగలబడి నవ్వుతాం, అందులో పగిలిందేమిటో ఇప్పటిదాకా తేలలేదు."

"మడమ వరకే చెప్పండి మాస్టారూ" అన్నారు విరూపాక్షరావు గారు.

"మడమ దగ్గరే అసలు చిక్కు. చర్మం విడితే చాలునా, లోపలి ఎరుపు కనబడాలా? నీళ్లు తగిలితే మంట పుట్టాలా, అక్కర్లేదా? గుడ్డకు పట్టుకుంటే పగులు అనీ, పట్టుకోకపోతే గరుకు అనీ ఇంకొక వాదం ఉంది. దుప్పటి దారం లాగాలి అనేవారూ ఉన్నారు."

ఎరుపు కనబడాలన్నవాళ్లు ఒక వైపు, మంట పుడితే చాలన్నవాళ్లు ఒక వైపు కూర్చున్నారు. మధ్యాహ్న భోజనాలు కూడా విడివిడిగానే చేశారు. కమిటీలో చీలిక వచ్చిందని గుమాస్తా రాసుకోబోతే, చీలిక అనే మాటకు కూడా నిర్వచనం లేదు కదా అని ఎవరో గుర్తు చేశారు. ఆ పూట దాంతోనే గడిచిపోయింది.

సాయంత్రానికి విరూపాక్షరావు గారే దారి చూపారు. అందుకే ఆయన అధిపతి అయ్యారు.

"తూనికలు కొలతల వాళ్లను చూడండి. కిలో అంటే ఏమిటని వాళ్లు వాదించుకోరు. ఒక ఇనుపగుండు తీసి, ఇదిగో కిలో అంటారు. మనమూ ఒక మడమ చూపిద్దాం. ఇదే పగులు అందాం. దీన్ని పోలినది పగులు, పోలనిది కాదు. ఏకగ్రీవమేనా?"

ఏకగ్రీవమే. ఇంటికి వెళ్లే వేళయింది.

అప్పటి నుంచి కమిటీ ఊళ్లమీద పడింది. జీపు దిగి భూతద్దాలు పట్టుకుని పొలాల గట్ల మీద నడిచేవారు. మడమలు చూపించమంటే మొదట్లో జనం భయపడ్డారు. ఎక్కడో దొంగతనం జరిగి అడుగుజాడలు పోలుస్తున్నారని పుకారు లేచింది. ఈదులమెట్ట మిరపతోటలోకి వాళ్లు దిగేసరికి రాహేలమ్మ వంగి కలుపు తీస్తోంది. పిలిస్తే వెంటనే లేవలేకపోయింది. అదే మంచిదైంది. వెనకనుంచి ఆమె మడమలు స్పష్టంగా కనబడ్డాయి.

భీమశంకరం గారు తెల్లపంచె పైకి ఎగగట్టి బురదలో మోకాళ్ల మీద కూర్చున్నారు. భూతద్దం పెట్టి ఎడమ మడమను చాలాసేపు చూశారు. మధ్యలో ఒక లోతైన గాడి, దాన్నుంచి అటూ ఇటూ సన్నగా పాయలు, గాడి అంచున కాస్త ఎరుపు, గాడి లోపల ఈ ఏటి మట్టి, దాని కింద పోయినేటి మట్టి.

"ఆహా" అన్నారు ఆయన. "ఇరువర్గాల వారి లక్షణాలూ ఇందులోనే ఉన్నాయి. ఇహ చర్చకు తావు లేదు."

"ఏందయ్యా అది?" అని రాహేలమ్మ సిగ్గుపడి చీర కుచ్చెళ్లు మడమల మీదికి లాక్కుంది. "కాళ్లు చూడటమేంది? నాకేవన్నా జబ్బా?"

"జబ్బు కాదమ్మా, ప్రమాణం" అన్నారు విరూపాక్షరావు గారు. "చెప్పులు వేసుకోరా మీరు?"

"తోటలో చెప్పులేంది నాయనా. బురదలో దిగబడవూ?"

"నొప్పి ఉంటుందా?"

"మొదట్లో ఉండేది. ఇప్పుడు చూసుకునే తీరికేది?"

అధికారులు ఒకరి ముఖం ఒకరు చూసుకుని మెచ్చుకోలుగా తల ఊపారు.

నాయకుల విగ్రహాలు చేసే ఒక శిల్పిని పట్నం నుంచి పిలిపించారు. అతను ఇన్నాళ్లూ చేతులెత్తి దారి చూపే మనుషుల్నే పోత పోశాడు. మడమ పోయడం ఇదే మొదటిసారి. రాహేలమ్మ ఎడమకాలిని సుద్దముద్దలో పెట్టించి అచ్చు తీశాడు. చీలమండ దాకా తెల్లటి కాలు తయారైంది. పగుళ్లన్నీ ఉన్నవి ఉన్నట్టు దిగాయి. దాన్ని విరూపాక్షరావు గారి గదిలో అద్దాలపెట్టెలో, ఎర్ర మఖమలు మీద పెట్టారు. నిర్వచనం ఖరారైంది. పగులు అనగా, ఈదులమెట్ట గ్రామ నివాసి రాహేలమ్మ ఎడమ మడమ నందు గలటువంటిది.

మడమ మిషను ప్రారంభోత్సవానికి రాహేలమ్మను వేదిక మీద కూర్చోబెట్టారు. ఆమె ఎడమకాలికి ఒక దిండు వేశారు. దండ ఆమె మెడలో వేయాలా, మడమకు వేయాలా అని కాసేపు తర్జనభర్జన జరిగి, మడమకే వేశారు. విరూపాక్షరావు గారు మాట్లాడుతూ, ఈ మడమ ఒక వ్యక్తి సొత్తు కాదు, జిల్లా ప్రజలందరి సొత్తు అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. రాహేలమ్మ కూడా కొట్టింది. తర్వాత ఆమె మడమను కొత్త మిషను మీద పెట్టగానే పచ్చదీపం వెలిగింది. ఇన్నాళ్లకు ఒక మిషను ఆమెను మనిషిగా ఒప్పుకుంది. ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ నెల నుంచి పింఛను వచ్చింది. రాహేలమ్మ తోటకు పోవడం మానేసింది. పొద్దున్నే అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చునేది. పనికి పోయేవాళ్లు పలకరిస్తే, "పోయి రండమ్మా" అనేది. ఆ రెండు మాటలు అనడంలో ఎంత సుఖముందో ఆమెకే తెలుసు.

ఈలోగా జిల్లా అంతటా మడమల హడావిడి మొదలైంది. ముసలివాళ్లు చెప్పులు చూరులో దోపేసి ఉత్తకాళ్లతో తిరిగారు. మందుల షాపుల్లో పగుళ్ల మందు డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదన్నారు. బడి పిల్లలకు పగుళ్ల ప్రాముఖ్యం మీద వ్యాసరచన పోటీలు పెట్టారు. మడమల సంరక్షణ కోసం ఎర్రటెండలో పాదయాత్ర జరిగితే విరూపాక్షరావు గారు బూట్లు వేసుకుని వచ్చి జెండా ఊపారు. జన్మలో బురద తొక్కని ఒక రిటైర్డు తహసీల్దారు గారు రోజూ సున్నపు నీళ్లలో కాళ్లు పెట్టుకు కూర్చుని, ఉత్తమశ్రేణి పగులు సంపాదించారు. ఆయనకు సన్మానం కూడా జరిగింది. సన్మానంలో నిలబడలేకపోతే కుర్చీ వేశారు.

ఇవేవీ రాహేలమ్మకు పట్టలేదు. సాయంత్రం యార్డు నుంచి రాగానే సలోమి వేన్నీళ్లు కాచి తల్లి కాళ్లు నానబెట్టేది. ఆముదంలో మైనం కరిగించి, గోరువెచ్చగా ఉండగా ఆ గాడిలో నింపేది. ఇన్నేళ్లలో తల్లి కాళ్లు పట్టుకునే తీరిక ఆ పిల్లకూ దొరకలేదు, పట్టించుకునే తీరిక తల్లికీ లేదు. మొదట మంట పోయింది. తర్వాత పాయలు పూడిపోయాయి. చివరకు ఆ పెద్దగాడి కూడా సన్నని గీతయింది. ఒకరోజు రాహేలమ్మ చెయ్యి పెట్టి మడమను తడుముకుని, "ఎవరి కాలో పట్టుకున్నట్టుందే" అని నవ్వింది.

ఆ తర్వాతి నెల మొదట్లో సచివాలయానికి వెళ్లి మడమను మిషను మీద పెట్టింది. ఎర్రదీపం వెలిగింది.

"మళ్ళీ ప్రయత్నించండి."

హైమావతి బల్ల కిందికి వంగి చూసి, నుదురు పట్టుకుంది.

"పెద్దమ్మా, ఏం చేశావు?"

"ఏం చెయ్యలా. కూచున్నా."

పింఛను ఆగింది. దాని వెనకే జిల్లా కార్యాలయం నుంచి పిలుపు వచ్చింది. ప్రామాణిక పగులును శాఖాపరమైన అనుమతి లేకుండా మాన్పుకున్నందుకు సంజాయిషీ చెప్పుకోవాలట. హైమావతి సెలవు పెట్టి, మిషను సంచిలో వేసుకుని, రాహేలమ్మను తీసుకుని ఆటోలో బయలుదేరింది. దారి పొడుగునా గోతులే. గోతిలో పడ్డప్పుడల్లా రాహేలమ్మ మోకాలు పట్టుకునేది. తోటకు మళ్లీ పొమ్మంటారేమోనన్న బెంగ ఆమెకు మోకాలి నొప్పికంటే ఎక్కువగా ఉంది.

విరూపాక్షరావు గారి గదిలో ఫ్యాను తిరుగుతోంది. అద్దాలపెట్టెలో తెల్లటి కాలు మెరుస్తోంది. భీమశంకరం గారు దాని పక్కనే దిగులుగా కూర్చుని ఉన్నారు.

"ఎంత పని చేశారమ్మా" అన్నారు విరూపాక్షరావు గారు. "మిమ్మల్ని నమ్మి జిల్లా మొత్తం నడుస్తోంది. సరే, అయిందేదో అయింది. ఒక పంటకాలం మళ్లీ తోటకు వెళ్లండి. పాత స్థితికి వచ్చేస్తుంది."

"తోటకు పోయేదాన్నే అయితే నాకు పింఛనెందుకు నాయనా?"

"పింఛను మీకు పగులు వల్ల వచ్చింది. పగులు మీకు పని వల్ల వచ్చింది. పని చేయండి, పగులు వస్తుంది. పగులు వస్తే పింఛను వస్తుంది."

"పింఛను వొచ్చినాక?"

"హాయిగా కూర్చోండి."

"కూచుంటే మానిపోతది గదయ్యా."

విరూపాక్షరావు గారు ఫ్యాను వంక చూశారు. "అప్పుడు పరిస్థితిని పునఃసమీక్షిస్తాం" అన్నారు.

భీమశంకరం గారు నిట్టూర్చారు. "మీకు అసలు ప్రమాదం తట్టలేదు. మన నిర్వచనం ఒకసారి చదువుకోండి. పగులు అనగా ఈమె ఎడమ మడమ నందు గలటువంటిది. ఇప్పుడు అక్కడ ఏముంది? ఏమీ లేదు. కనుక పగులు అనగా ఏమీ లేనటువంటిది. ఈ లెక్కన జిల్లాలో పగిలిన మడమలన్నీ చెల్లవు. నున్నని మడమలన్నీ చెల్లుతాయి. మీదీ నాదీ కూడా పింఛనుకు అర్హమే."

విరూపాక్షరావు గారు బల్ల కింద తన బూట్ల వంక చూసుకుని, చప్పున కాళ్లు వెనక్కి లాక్కున్నారు.

"మిషను చెడిపోయిందేమో సార్" అంది హైమావతి, పెద్దమ్మను ఎలాగైనా గట్టెక్కించాలని. "ఒకసారి ఆ సుద్దకాలు పెట్టి చూద్దామా?"

పెట్టెలోంచి కాలును తీసి మిషను మీద పెట్టారు. పచ్చదీపం వెలిగింది.

"రాహేలమ్మ గుర్తించబడినది. ధన్యవాదాలు" అంది మిషను.

విరూపాక్షరావు గారు తెలియకుండానే కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. భీమశంకరం గారి ముఖం విప్పారింది. నిర్వచనం బతికింది. అర్హత గల రాహేలమ్మ దొరికింది. జిల్లాలోని పగుళ్లన్నీ మళ్లీ పగుళ్లయ్యాయి.

"అయితే ఈవిడెవరు?" అని అడిగారు విరూపాక్షరావు గారు, రాహేలమ్మను చూపిస్తూ.

"మిషను ప్రకారం ఎవరూ కాదు సార్" అంది హైమావతి. ఆ మాట అన్నందుకు ఆమెకు సిగ్గేసింది.

రాహేలమ్మకు కోపం వచ్చింది. జీవితంలో అధికారుల ముందు ఆమెకు కోపం రావడం అదే మొదలు.

"ఆ కాలు నాదయ్యా. దాంట్లో ఉన్న ప్రతి గీతా నేను తొక్కిన బురదే. నా బిడ్డ కడుపులో ఉన్నప్పుడు ఆ కాలు మీదే నిలబడి నాటేశా. అది పగిలినన్నాళ్లూ నన్నడిగిన దిక్కు లేదు. పగిలిందాకా నేనెవరో మీకు తెలవలేదు, మానినాక మళ్లీ తెలవట్లేదు. నేను మనిషినా కాదా మీరే చెప్పండి."

"కాలు మీదేనమ్మా, ఎవరు కాదన్నారు?" అన్నారు విరూపాక్షరావు గారు అనునయంగా. "ఆ కాలికి మీరు చెందుతారా అన్నదే ప్రశ్న."

హైమావతి నిబ్బరంగా అడిగింది. "పింఛను ఆ కాలికే ఇస్తాం అనుకుందాం సార్. అది నడిచొచ్చి డబ్బు తీసుకోలేదు కదా?"

గుడి క్యూలో కలిగిన వెలుగే మళ్లీ విరూపాక్షరావు గారి ముఖంలో కనబడింది.

"నడవలేదు. నిజమే, నడవలేదు. నడవలేని లబ్ధిదారుకు సహాయకురాలిని నియమించే వెసులుబాటు మనకుంది. ఆ సహాయకురాలు డబ్బు అందుకోవచ్చు. లబ్ధిదారును దగ్గర్నుంచి ఎరిగిన మనిషై ఉండాలి, అంతే." ఆయన రాహేలమ్మ వైపు తిరిగారు. "ఈ కాలును మీరు ఎన్నాళ్లుగా ఎరుగుదురు?"

"పుట్టినకాడ్నుంచి."

"మంచిది. సహాయకురాలికి మిషను పరీక్ష ఉండదు. ఊరి సంక్షేమ కార్యదర్శి ఆమెను ఎరిగి ఉంటే సరిపోతుంది."

"నాకు తెలుసు సార్" అంది హైమావతి. ఆ మాటకు లాభం ఉండటం ఆమె ఉద్యోగంలో అదే మొదటిసారి.

అలా రాహేలమ్మ, రాహేలమ్మ కాలికి సహాయకురాలైంది. కార్యాలయంలో నకలు ఒకటి పెట్టుకుని, అసలు కాలును ఆమెకు అప్పగించారు. ప్రతి నెలా దాన్ని సచివాలయానికి తెచ్చి మిషను మీద పెట్టాలి. దాన్ని ఎండలో, వానలో ఉంచకూడదు. బరువు మోయించకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, దాని మీద కొత్తగా ఒక్క పగులు కూడా పడకూడదు.

"పడితే పోలిక కుదరదు. జాగ్రత్తమ్మా" అని భీమశంకరం గారు గుమ్మం దాకా వచ్చి మరీ హెచ్చరించారు.

ఆటోలో రాహేలమ్మ కాలును ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పక్కన హైమావతి అలసిపోయి కళ్లు మూసుకుంది. ఊరి దారి పట్టగానే చక్రం ఒక గోతిలో పడి ఆటో ఎగిరింది. రాహేలమ్మ రెండు చేతులతో కాలును గుండెకు అదుముకుంది.

"మెల్లగా పోనియ్యి నాయనా" అంది. "కాలు జాగ్రత్త."

డ్రైవరు వెనక్కి తిరిగి ఆమె కాళ్ల వంక చూశాడు. "ఏమయింది మామ్మా కాలుకి?"

"కింద ఉన్నవి కాదు. ఒళ్లో ఉన్నది."

డ్రైవరు ఏమీ అర్థం కాకపోయినా వేగం తగ్గించాడు. గోతులు వచ్చిన ప్రతిచోటా పక్కకు తిప్పి నిదానంగా పోనిచ్చాడు. రాహేలమ్మ ఒళ్లోని తెల్లటి మడమ వంక చూసింది. ఆ కాలు తన ఒంటికి ఉన్నన్నాళ్లూ దానికోసం ఒక్కళ్లూ ఇలా నెమ్మదిగా పోలేదు. ఆమె కొంగు తీసి, ఎండ పడకుండా దాని మీద కప్పింది.